చిల్లుల్లేని గుండీలు

నేను రాసినదాంట్లో ఒక్క అబద్ధం పట్టుకున్నవాళ్ళకి నా కళ్ళజోడు ఇచ్చేస్తాను. అది లేకపోతే మళ్ళీ రాయలేను గనక అందరికీ లాభమే.

ఆ రోజు వాన తట్టుకోలేక కప్పలు కూడా చూరు కిందకి చేరాయి. వీధి చివర దర్జీ ఇంటి గడప దగ్గర మందులమ్మ గొడుగు దులుపుతూ నిలబడింది.

"లోపలికి రావచ్చా మావయ్యా?"

మందులమ్మ అన్నది వీధి పెట్టిన పేరు. వీధిలో పెద్దవాళ్ళందరినీ ఆవిడ వరసలు కలిపే పిలుస్తుంది. వానాకాలం నాలుగు నెలలూ, నెలకోసారి, చిన్నపిల్లలున్న ప్రతి గడపా ఎక్కుతుంది. మలేరియా వచ్చాక వేసే మందు కాదు, రాకుండా వేసేది. మొదటి రోజుది ఆవిడే నీళ్ళలో కరిగించి తాగిస్తుంది. తర్వాత రెండు రోజులూ రోజుకో మాత్ర ఇంట్లోవాళ్ళు తాగించాలి. మూడు రోజులూ పడితేనే ఆ నెలంతా కాపలా.

"రా అమ్మాయ్. నీ గొడుగు చప్పుడు వినే మా పిచ్చుక దాక్కుంది."

పిచ్చుక దర్జీ మనవరాలు. రెండున్నరేళ్ళది. తండ్రి లారీ తోలుతాడు, తల్లి పొద్దున్నే పనికి పోతుంది. తిండీ, ఆటా, నిద్రా అన్నీ తాత దగ్గరే. పోయినేడు వానల్లో దానికి జ్వరమొచ్చి, ఫిట్సొచ్చి, ఆసుపత్రిలో రక్తం ఎక్కిస్తే గాని కళ్ళు తెరవలేదు.

మందులమ్మ కత్తిరింపు బల్ల కిందనుంచి పిల్లని లాగి ఒళ్ళో కూచోబెట్టుకుంది. చెంచాతో కొంచెం కొంచెంగా మందు పోసింది. పిచ్చుక మింగినంతా మింగి, ఏడుపు లంకించుకుంది.

"అరగంట కూచుంటాను మావయ్యా. కక్కితే మళ్ళీ వెయ్యాలి."

"కూచో. పోయిన నెల నేను వేసినప్పుడు చుక్క కక్కితే ఒట్టు."

"రెండు రోజులూ వేశారుగా?"

"ఖాళీ అట్ట కూడా చూపించాను కదమ్మా. నా చేతి మహిమ అది. ఎంత చేదు మందైనా నేను పోస్తే తేనె."

"మరి నేను పోస్తే?"

"వినబడట్లా ఆ ఏడుపు?"

ఆవిడ నవ్వింది. నవ్వుతుంటే కోటుకి గుండీ ఊడిపోయిన సంగతి దర్జీ కంటపడింది. ఆ లోపం చూస్తూ ఏ దర్జీ ఊరుకుంటాడు? "ఇలా తే, కుట్టేస్తాను" అని సూదికి దారం ఎక్కించే పనిలో పడ్డాడు. ఆ వయసులో బెజ్జం ఎక్కడుందో సూదికే తెలియాలి. ఈలోగా ఆవిడ మిషను కింది సొరుగు లాగి గుండీల డబ్బా తీసింది. దర్జీ ఇళ్ళన్నీ ఒక్కలాగే ఉంటాయి కదా.

"ఆగమ్మాయ్, నేను తీస్తా..."

అప్పటికే అరచేతిలో పోసుకుంది. గుండీల్లో పసుప్పచ్చవి రెండున్నాయి. వాటికి చిల్లుల్లేవు.

ఆవిడ ఆ మాత్రలు రెండూ ఏరి బల్లమీద పెట్టింది. నాలుగు మాటలు అనేసినా బాగుండేది.

"నలభై ఇళ్ళు తిరిగాను మావయ్యా" అంది. "నలభై ఇళ్ళలో వేయించాను."

ఆవిడ అరచెయ్యి వాల్చేసింది. గుండీలు జారి నేలంతా దొర్లాయి.

"పిల్లకి జ్వరం లేదు కదమ్మా" అన్నాడు దర్జీ. "గెంతుతున్న పిల్లకి మందేమిటని..."

"పోయినేడు కూడా ముందురోజు సాయంత్రం దాకా గెంతింది."

దర్జీ సూది కింద పెట్టేశాడు. "ఒకటి నేను నాకి చూశాను. రెండు రోజులు నోటికి ఏదీ సయించలేదు. నోట్లో పోయబోతే పిల్ల 'తాత చెడ్డ' అని గోడవైపు తిరిగి పడుకుంది. రోజంతా దానికి నేనొక్కణ్ణే కదా. నేనూ చెడ్డవాణ్ణయితే ఎవరి దగ్గరకి పోతుంది చెప్పు?"

ఆవిడ పిల్ల జుట్టు సవరించింది.

"చెడ్డదాన్ని నేనవుతాను. మందులమ్మ వెయ్యమంది, నేనేం చెయ్యను అనండి. నన్నే తిట్టమనండి. కావాలంటే మీరూ రెండు తిట్లు కలపండి."

"ఇది నిజంగానే తిడుతుందమ్మాయ్."

"తిట్టనివ్వండి మావయ్యా. తిట్టడానికి పిల్లంటూ ఉండాలి కదా."

అరగంట గడిచింది. పిచ్చుక కక్కలేదు. ఆవిడ పాత మాత్రలు సంచీలో వేసుకుని, కొత్తవి రెండు దర్జీ చేతిలో పెట్టి, గుండీ లేని కోటుతోనే పక్క వీధికి వెళ్ళిపోయింది.

మర్నాడు దర్జీ మిషను పక్కనే మాత్ర కరిగించాడు. పిచ్చుక మొహం చిట్లించి మింగి, "మందులమ్మ చెడ్డది, దాని గొడుగు విరిగిపోవాలి" అంది.

"చెప్పు కూడా తెగాలి" అని తాత అందించాడు.

అందులో ఏం కనబడిందో గాని పిల్ల పడీపడీ నవ్వింది. మూడో రోజూ అంతే. ఆపై నెలలోనూ అంతే. వానలు వెనకబట్టేదాకా దాని ఒళ్ళు ఒక్కసారి కూడా కాగలేదు. తిట్లు మాత్రం పాతిక నేర్చింది.

మొదట్లో ఏదో గొప్పలు పోయాను గాని, ఈ కథలో ఒకటి కల్పించాను. వానా, మాత్రలూ, దొర్లిన గుండీలూ అన్నీ జరిగినవే. గడప దగ్గర నిలబడి, లోపలికి రావచ్చా అని ఆవిడ అడగడం మాత్రం జరగలేదు.

ఆవిడ నా కోడలు, పిచ్చుక తల్లి.