ఆపొద్దన్నాడు

నీలమ్మ కంప్యూటర్ ముందు నుంచి లేవలేదు.

వాకిట్లో టెంటు వేశారు. అరటి కొమ్మలు కట్టి, బంతిపూల దండలతో మంటపం అలంకరిస్తున్నారు. న్యాల్‌కల్ నుంచి, బీదర్ నుంచి చుట్టాలు వచ్చి ఆటోలు దిగుతున్నారు. హాల్లో గిరీశ్ కొత్త బట్టల్లో కూర్చుని ఉన్నాడు. నుదుట విభూతి, తలకు రుమాలు, మెడ నిండా దండలు. వచ్చినవాళ్ళు అతని ముందు నిలబడి పూలు చల్లి పక్కకు జరుగుతున్నారు.

తల్లి మాత్రం పక్కగదిలో, కొడుకు కుర్చీలో.

తెర మీద ఆకుపచ్చ వరుసలు ఒకదాని వెనక ఒకటి పైకి పోతున్నాయి. ఎర్ర వరుస వస్తే యంత్రం పడిపోయినట్టు. ఆమెకు తెలిసింది అంతే. గిరీశ్ చెప్పి పెట్టాడు.

భర్త బసవరాజ్ మళ్ళీ వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు.

“నీలా, జర లేవరాదూ. అయ్యగారు వచ్చి కూసున్నరు. పొద్దు గూకకముందే బయలెల్లాలె.”

“ఇంక జరసేపే. నడుమ ఆపొద్దన్నడు.”

అతను మళ్ళీ వాకిట్లోకి వెళ్ళాడు. భజన వాళ్ళ మైకు వైరును ఇన్వర్టర్ నుంచి ఆమె అప్పటికే పీకేసింది. కరెంటు పోతే అది రెండింటినీ మోయదు. మైకు లేకుండానే పాడుకొమ్మంది. ఇలాంటి రోజున కూడా కంప్యూటరేనా వదినా, నలుగురూ ఏమనుకుంటారని ఆడపడుచు రోజా గొణిగింది. నీలమ్మ తెర మీద నుంచి చూపు తిప్పలేదు.

మొదటినుంచీ ఆమెది పిరికి ప్రాణం. ఫోన్ మోగితే ఎవరికో ఏదో అయిందనుకునేది. కొడుకు బండి తాళం అందుకుంటే చాలు, వెనకే వీధి దాకా వచ్చేది. హెల్మెట్ పెట్టుకో. చెరకు ట్రాలీల పక్కనుంచి పోకు. చేరగానే ఫోన్ చెయ్యి.

“నువ్వు మా కెర్నెల్ల ఉండాల్సినదానివి అమ్మా,” అని గిరీశ్ నవ్వేవాడు. కంప్యూటర్‌ను లోపలినుంచి నడిపేది ఆ కెర్నెలేనట. దాని గుమ్మంలో ఒక కాపలా ఉంటుందట. ఏ ప్రోగ్రాం వచ్చినా, ఇది ఎన్ని తీర్ల చెడగొట్టగలదో అన్నీ ఊహించి, అనుమానం వస్తే లోపలికే రానివ్వదట. “జీతం లేకుంట నువ్వు చేసే పని గదే.”

అతని పనేమిటో కూడా ఆమెకు అర్థమయ్యేలా చెప్పాడు. లోపలికొచ్చిన ప్రోగ్రాంను జిట్ కంపైలర్ అప్పటికప్పుడు యంత్రం భాషలోకి మారుస్తుంది. అది నడిచేటప్పుడు తన సామాను పెట్టుకోవడానికి కొంచెం చోటు కావాలి. దాన్ని స్టాక్ అంటారు. అందరికీ కలిపి ఉన్నది ఒక్కటే, అదీ చిన్నది. ఒక ప్రోగ్రాం ఇంకోదాన్ని పిలుస్తుంది, అది మరోదాన్ని పిలుస్తుంది, బరువు పెరిగిపోతుంది.

“చెరకు ట్రాలీ సూస్తవు గదా. పక్క కట్టెలు దాటి పైకి చెరకు పేరుస్తరు. ఒరిగిందనుకో, పక్కపొంటి పోయేటోని మీద పడతది. వాడు ఏ తప్పు చేయకున్న గూడ.”

“మరి నువ్వేం చేస్తవ్?”

“ఎవని ట్రాలీ వానికి. అంచులకు అడ్డుకట్ట. పడ్డా పక్కోని మీద పడదు.”

అతను రాసి పంపిన ఆ మార్పును, ఎక్కడెక్కడో దేశాల్లో ఉండి కెర్నెల్‌ను చూసుకునే పెద్దలు తిప్పి పంపారు. మోయలేనంత బరువు వేసి, ఆపకుండా నడిపి చూపించమన్నారు. నిన్న పొద్దున గిరీశ్ మొదలుపెట్టాడు. మర్నాటి దాకా నడవాలని, నడుమ ఆగితే ఇన్నాళ్ళ పని పోయినట్టేనని, తను ఇంట్లో లేనప్పుడు నువ్వే చూడాలని చెప్పాడు. తర్వాత కోహీర్ దాకా పోయొస్తానని బండి తీశాడు.

తిరిగొచ్చేసరికి ఇవాళ పొద్దెక్కింది. వెంట నలుగురు వచ్చారు.

విచిత్రం, ఇవాళ ఆమెకు ఏ భయమూ వేయడం లేదు. ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. ఉలిక్కిపడలేదు. ఎవరో టీ పెట్టిపోయారు, అది మీగడ కట్టింది. మౌస్ పక్కన ఉన్న చేతులు తనవేనా అన్నట్టున్నాయి.

కిటికీలోంచి గేటు కనిపిస్తోంది. చెరకు ట్రాలీ తోలే సదాశివ అక్కడే ఎండలో, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఎవరూ లోపలికి రమ్మనలేదు. అతనూ రాలేదు.

శ్వేత వచ్చింది. హైదరాబాద్‌లో గిరీశ్‌తో కలిసి పనిచేసే అమ్మాయి. హాల్లో కాసేపు అతని ముందు నిలబడి, గదిలోకి వచ్చి నీలమ్మ పక్కన నేల మీద కూర్చుంది. ఇద్దరూ తెర వైపే చూశారు.

కరెంటు పోయింది. ఫ్యాన్ ఆగింది. ఇన్వర్టర్ ఒకసారి కుయ్యిమంది. ఆకుపచ్చ వరుసలు పోతూనే ఉన్నాయి.

కొంతసేపటికి అవీ ఆగాయి.

నీలమ్మ శ్వేత ముఖంలోకి చూసింది.

“ఆగిపోలేదు ఆంటీ, అయిపోయింది. ఒక్కసారి కూడా పడలేదు.”

“పక్కోని మీద పడలే గదా?”

“పడలేదు ఆంటీ.”

“మరి వాని పేరు మీదనే పంపియ్యి.”

శ్వేత పంపింది. అప్పుడు నీలమ్మ కుర్చీ వెనక్కి జరిపి లేచింది. హాల్లో జనం దారి ఇచ్చారు. కొడుకు ముందు మోకాళ్ళ మీద కూర్చుని, పక్కకు జారిన రుమాలు సరిచేసింది. చెవి దగ్గరికి వంగి, ఆగలేదని చెప్పింది.

లేచి బసవరాజ్ వైపు తిరిగింది.

“ఇగ ఎత్తున్రి, సమాధి గుంతల గూడ నా కొడుకును గిట్లనే కూసోవెట్టున్రి.”