ఉద్దేశం మాత్రమే

సన్యాసి గుండె ఆగిపోయి మూడేళ్లయింది. అప్పట్నుంచీ అతని ఛాతీలో కొట్టుకుంటున్నది కంపెనీ యంత్రం. గోడగడియారానికిచ్చినట్టు వారానికోసారి కంపెనీ మనిషి వచ్చి దానికి కీ ఇవ్వాలి.

ఆ కంపెనీని ఇంకో కంపెనీ కొంటోందని టీవీలో చూపించారు. ఇద్దరు పెద్దమనుషులు నవ్వుతూ కాగితాలు మార్చుకున్నారు. తాంబూలాలు పుచ్చుకున్నట్టే ఉందనుకుంది సన్యాసి భార్య పైడమ్మ. తాంబూలాలయ్యాక మాట తప్పిన ఇల్లు ఆ వాడలో లేదు. అందుకే పాత కంపెనీ మనిషి "ఇకమీదట వాళ్లే వస్తారమ్మా" అనగానే, తమ బాధ్యత తీరిపోయిందని రాసి అతను తెచ్చిన కాగితం మీద వేలిముద్ర వేసేసింది.

పది రోజులైనా ఎవరూ రాలేదు. సన్యాసి పెదాలు నల్లబడ్డాయి. పైడమ్మ కొత్త కంపెనీకి ఫోన్ చేసింది.

"టీవీలో చూపించింది ఒప్పందం కాదండీ," అంది అవతలి అమ్మాయి మర్యాదగా. "ఒప్పందం చేసుకోవాలన్న ఉద్దేశం మాత్రమే. దానికి ఎవరూ కట్టుబడి ఉండక్కర్లేదు."

"మరి పాతోలు?"

"వాళ్లు మిమ్మల్ని మాకిచ్చేసే ఉద్దేశంలో ఉన్నారు."

పైడమ్మ గంజి గిన్నె పట్టుకుని మంచం దగ్గర కూర్చుంది.

"ఏటంతన్నారే?" అన్నాడు సన్యాసి.

"ఉద్దేశం ఉందంట. కట్టుబడుండరంట."

సన్యాసి ఒక గుటక మింగాడు. ఛాతీలో యంత్రం ఒక దెబ్బ కొట్టి, ఆలోచించుకుని, ఇంకోటి కొట్టింది.

"బతకాలనే ఉద్దేశం నాకూ ఉందే పైడీ," అన్నాడు. "కట్టుబడుండలేనేమో."