తొలి పూత

"పెయింటు గన్ను మాత్రం అడగొద్దు. ఆడపిల్లకు ఆ వాసన పడదు," అన్నాడు కుళ్లాయప్ప.

"పడేదీ పడందీ నాకు తెల్దా సార్? చేరినప్పట్నుంచీ లప్పం రుద్దేదే పనాయె నాకు. నా ఎనకాల వచ్చినోళ్లు గూడా పెయింటు కొడ్తాండారు."

ఈశ్వరి చేతిలోని ఎమ్రీ పేపరును బకెట్టులోకి విసిరింది.

కదిరిలో నిరుద్యోగులకు బండ్ల టింకరింగు, పెయింటింగు నేర్పే శిక్షణ కేంద్రం అది. కుళ్లాయప్ప అక్కడ మాస్టరు. నేర్చుకునేవాళ్లలో ఈశ్వరి ఒక్కతే ఆడమనిషి. కరువు మీద కరువొచ్చి, మేత లేక నాయన నల్లప్ప గొర్రెల మందను అమ్మేశాక ఇంటికి ఆసరా అవుదామని చేరింది. సొట్టలు తీయడం, లప్పం పెట్టి నునుపు చేయడం బాగా పట్టుబడ్డాయి. రంగు కొట్టే గన్ను మాత్రం ఆమె చేతికి రాలేదు. గన్ను పట్టడం రానివాళ్లకు ఏ షెడ్డులోనూ పనివ్వరు. ఆ రోజు మిగిలినవాళ్లంతా ఏదో కంపెనీ ఉద్యోగాల ఎంపికకు అనంతపురం పోయారు. ఆమెను రమ్మన్నవాళ్లు లేరు.

ఆ మాటల మధ్యలోనే తెల్ల జీపొకటి గేటులోకి వచ్చి ఆగింది. ముందు లైటు పగిలి, బంపరు వంగి, బానెట్టు ఒక పక్క లోపలికి పోయి ఉంది. కాంట్రాక్టరు దివాకర్ దిగాడు.

"కుళ్లాయప్పా, సాయంత్రానికంతా కొత్తదాని మాదిరి కావల్ల. రేపు బెంగళూరు పోయే పనుండాది."

"ఏమాయ అన్నా?"

"నిన్న పొద్దుగూకే యాళ, తనకల్లు రోడ్డులో పొట్టేలు అడ్డమొచ్చె. ఎగిరి బానెట్టు మీద పడి, మోరీ కింద వంకలోకి దొర్లిపాయ."

"దిగి సూడలేదా?" అనేసింది ఈశ్వరి.

దివాకర్ ఆమెను ఎగాదిగా చూశాడు. "ఎవురప్పా ఈమె? పొట్టేలు కోసరం బండి దిగల్లనా?"

"దాన్ని కాసేటాయప్ప ఉంటాడు గదా సార్. ఈడ పడిందని ఒక మాట చెప్పిపోతే నీ సొమ్మేం పోతుంది?"

"ఈశ్వరీ!" కుళ్లాయప్ప గద్దించాడు. "నోరు మూసుకొని పని సూడు."

దివాకర్ నవ్వుతూ వెళ్లిపోయాడు. ఆ నవ్వుకు ఆమెకు ఒళ్లు మండిపోయింది.

జీపును అప్పటికే కడిగించినట్టున్నారు. ముందరి ఇనప జాలీ విప్పితే మాత్రం సందులో నల్ల ఉన్ని ఇరుక్కుని ఉంది. ఆ ఉన్నిని చూస్తూ ఈశ్వరి నిలబడిపోయింది. చిన్నప్పుడు నాయన పొట్టేలును కూడా ఇలాగే ఏదో బండి గుద్ది వెళ్లిపోయింది. తెల్లారి కాకులు చూపిస్తే దొరికింది. ఆ రోజు నాయన అన్నం ముట్టలేదు. గుద్దినవాడెవడో ఎప్పటికీ తెలియలేదు.

"ఏం సూస్తాండావు? తీసి పారేసి కడిగెయ్," అన్నాడు కుళ్లాయప్ప.

కడిగేసింది. బానెట్టు కింద ఇనప దిమ్మె ఆనించి, పైనుంచి సుత్తితో సొట్ట తీసింది. సుత్తి పడినప్పుడల్లా దివాకర్ నవ్వే గుర్తొచ్చింది. లప్పం పెట్టి, ఆరాక రుద్ది, ప్రైమరు కొట్టే వేళకు కుళ్లాయప్ప గడియారం చూసుకున్నాడు. కొత్త లైటు కోసం తాను బజారంతా తిరగాలి. వేరే దారి లేదు.

"సరేలే. ఈ పొద్దుకు గన్ను నువ్వే పట్టు. పెయింటు కారిందో, నీ కతుంటుంది."

కంప్రెషరు మోత మొదలైంది. ముక్కుకు గుడ్డ కట్టుకుని ఈశ్వరి తొలి పూత కొట్టింది. తెల్లటి రంగు మంచులా పరుచుకుంది. ఇంత కోపంలోనూ ఆమెకు సంతోషం ఆగలేదు. ఆ సంతోషం ఇలాంటివాడి బండి మీదనా అని మళ్లీ కోపం వచ్చింది.

సాయంత్రం దివాకర్ వచ్చి బానెట్టు మీద చెయ్యి పెట్టి నిమిరాడు.

"యాడ గుద్దిందో నాకే తెలీకుండా చేసినావే! మంచి చెయ్యి పాపా నీది."

ఈశ్వరి చేతులు కడుక్కుని బయటపడింది. ఊరికి పోయే బస్సు ఎక్కింది కానీ ఊరిదాకా పోలేదు. తనకల్లు రోడ్డులో వంక మీది మోరీ దాటగానే వచ్చే పల్లెలో దిగిపోయింది. నాయనకు ఆనాడు చెప్పేవాళ్లు లేకపోయారు. వీళ్లకైనా తాను చెప్పాలి.

రోడ్డు పక్కనే కంపచెట్ల దడి కట్టిన గొర్రెల దొడ్డి ఉంది. లోపల గొర్రెలు ఆకలికి అరుస్తున్నాయి. దడి దగ్గర తన వయసు ఆడమనిషి ఒకామె రోడ్డు వైపే చూస్తూ నిలబడి ఉంది. పేరడిగితే సుంకమ్మ అని చెప్పింది.

"ఈ మంద మీదేనా అక్కా? మగోళ్లు లేరా?"

"మాదే. మగోళ్లంతా కొండకు పోయినారు."

"మీ పొట్టేలు వంకలో పడుండాదక్కా, మోరీ కింద. నిన్న పొద్దుగూకే యాళ జీపు గుద్దింది. వాడెవుడో నాకు తెలుసు. ఊరందరి ముందరా చెప్తా, పోలీసులడిగినా చెప్తా." ఈశ్వరి మోరీ వైపు చెయ్యి చూపించింది. "నోరులేని జీవమని గదక్కా వానికంత ధైర్యం! దిగి సూడను గూడా లేదంట!"

సుంకమ్మ అర్థంకానట్టు చూసింది. దొడ్డివైపు తిరిగి, మళ్లీ ఈశ్వరి మొహంలోకి చూసింది.

"మా పొట్టేలు యాడికీ పోలేదే. నిన్న మందంతా దానంతటదే ఇంటికొచ్చింది."

ఆమె కొండవైపు చూసింది.

"నల్ల కంబళి కప్పుకొని పోయిన మా నాయనే రాలేదు."