ఆదివారం వాటా

"కార్జం చల్లారిపోతున్నది. తింటవా, కుక్కకెయ్యాల్నా?" వంటింట్లోంచి సాయమ్మ కేకేసింది.

"వద్దమ్మా. పొద్దు వాలింది గదా," అన్నది నీలవేణి.

ఆ మాటకు మంచం మీది కుర్మయ్య లేచి కూర్చున్నాడు. చేవెళ్లలో ఆదివారం మటన్ కొన్నప్పుడల్లా లివర్ ముక్క, ఆ కార్జం, అడిగి మరీ తెస్తాడు. అది కూతురి వాటా. పాలపళ్లు ఊడిన నాటి నుంచి ఆ ముక్క మీద ఇంకెవరి చెయ్యీ పడలేదు.

"షాబాదోళ్ల కోసమే గదా ఈ ఉపాసం?" అన్నాడు. "పిల్ల జర లావున్నదని గొణిగిన్రంట. ఎడ్లను చూసినట్టు చూస్తరా నా బిడ్డను? ఆ సంబంధమే వద్దు పో!"

"అట్లేం లేదు బాపు."

"మరెందుకే? నా పొట్ట చూడు, నీకంటె పెద్దది. నన్నెవరన్న పస్తుండమన్నరా?"

లుంగీ ముడి పొట్ట మీద నిలవక జారిపోతోంది. నీలవేణి ఒక్క క్షణం చూసి కళ్లు తిప్పుకుంది.

"నీది వేరే బాపు. నువ్వు పప్పు తిని గోళీలేస్కో."

"ఉప్పు లేని పప్పు! గోళీలతోటే తగ్గుతదన్నప్పుడు ఉప్పు మీదెందుకు పగ?"

"ఇంట్ల ఒకరికి ఉప్పు వద్దు, ఒకరికి తిండే వద్దు," సాయమ్మ గిన్నె మీద మూత ధన్‌మని పెట్టింది. "నేనెవరికి వండాలె?"

షాబాద్ వాళ్లు చూసి వెళ్లిన వారమే నీలవేణి తండ్రిని సిటీలో పెద్ద దవాఖానకు తీసుకెళ్లి మందులు రాయించింది. ఆ వారం నుంచే రాత్రి తిండి మానేసింది. మాదాపూర్‌లో కంపెనీ కొలువు, రాత్రి డ్యూటీలు, కంప్యూటర్ ముందే పిజ్జాలు. రెండేళ్లలో ఒళ్లు బాగా పెరిగింది. ఇప్పుడు డ్యూటీ పగటికి మార్పించుకుంది. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి. ఆ తరవాత నీళ్లే.

మొదట్లో తల పగిలిపోయేది. ఊరికే కసురుకునేది. కంపెనీ బండి మొయినాబాద్ దాటుతుంటే మిర్చిబజ్జీల వాసనకు కళ్లలో నీళ్లు తిరిగేవి. పోనుపోను ఒకటి గమనించింది. ఆకలి వచ్చి తలుపు కొడుతుంది. తియ్యకపోతే కాసేపటికి వెళ్లిపోతుంది. మర్నాడు మళ్లీ సరిగ్గా అదే వేళకు వస్తుంది. ఇన్నాళ్లూ తను తిన్నది ఆకలికి కాదు, ఆ వేళకు.

"తినకుంటే ఒంట్ల ఏమైతదే?" అని భయపడేది సాయమ్మ.

"తిండి రాకుంటే ఒళ్లు ఊకుంటదా అమ్మా? దాచుకున్న కొవ్వును బయటికి తీస్తది. డాక్టర్ చెప్పినట్టే చేస్తున్న. ఫికర్ చెయ్యకు."

ఒక సాయంత్రం నీలవేణి వాకిట్లో ఫోన్ మాట్లాడుతుంటే కుర్మయ్య చెవిన పడింది.

"ఇంక నాలుగు కిలోలే సార్... తగ్గితే ఒప్పుకుంటరు గదా? జర జల్ది చెయ్యండి సార్. టైం లేదు."

ఇంత చదివిన పిల్ల, అంత పెద్ద కొలువు చేసే పిల్ల, ఎవరినో అట్లా బతిమాలుతోంది. ఆ పూట ఆయన పళ్లెం జరిపేశాడు.

"నువ్వు తినేదాంక నేనూ తినను."

నీలవేణి మొహం తెల్లబోయింది. "ఆటలాడకు బాపు! నువ్వు బలంగుండాలె. నువ్వు నీరసపడితే నేను చేసిందంత వట్టిదైతది." ముద్దలు కలిపి తనే నోట్లో పెట్టింది. ఆమె మాటల్లోని కంగారు ఆయనకు తెలిసింది. పెండ్లి బెంగ అనుకున్నాడు.

"నీ చెకప్ రోజే నాకు స్కానింగ్ ఉన్నది," అన్నది ఆఖరి ముద్ద పెడుతూ.

"స్కానింగ్ గూడ అడిగిన్రా షాబాదోళ్లు?" సాయమ్మ నోరు నొక్కుకుంది.

దవాఖానలో డాక్టర్ కంప్యూటర్ తెరను వాళ్లవైపు తిప్పాడు.

"నేను కూడా ఇంత తొందరగా అనుకోలేదమ్మా. నీ లివర్‌లో కొవ్వు మొత్తం కరిగింది. మిగతా పరీక్షలన్నీ బాగున్నాయి. నువ్వివ్వడానికి ఇక మేం ఒప్పుకుంటున్నాం."

కుర్మయ్య పసుపు తిరిగిన కళ్లతో అయోమయంగా చూశాడు. "మీరేంది సార్ ఒప్పుకునేది? ఒప్పుకోవాల్సింది షాబాదోళ్లు గదా!"

నీలవేణి చాలా రోజుల తరవాత నవ్వింది. తండ్రి చెయ్యి తీసుకుని తన కుడి పక్కటెముకల కింద ఆనించుకుంది.

"ఈసారి కార్జం వాటా నీది, బాపు."