వసారాలో చెప్పులు

ఆ వేకువన ఇంట్లో ఉన్నది ముగ్గురు. వసారాలో వల బాగుచేస్తూ నాయన గంగులయ్య, నడింట్లో మంచం మీద అవ్వ ముసలమ్మ, తలుపు చాటున బూట్లు పట్టుకొని చిట్టి. అమ్మ రోజూలాగే చీకటితోనే చేపల గంప ఎత్తుకొని విడవలూరు పోయింది.

గాలీ లేదు, వానా లేదు. నాయన వేటకు ఎందుకు పోలేదో చిట్టికి అర్థం కాలేదు.

“ఏందే చేతిలో?”

గంగులయ్య ఒక బూటు అందుకొని రెండు వేళ్ళతో వంచాడు. దోసెలా మడత పడింది.

“దీన్ని బూటంటారా?”

“పరుగు నేర్పే హెబ్రోను సారు ఇచ్చినాడు నాయనా. వేసుకున్నా ఒట్టి కాళ్ళతో ఉన్నట్టే ఉంటాది.”

“ఒట్టి కాళ్ళతో ఉండేదానికి బూట్లెందుకు?”

చిట్టి మోకాలి మీది మచ్చ తడుముకుంది. నిరుడు సరుగుడు తోటలో పరుగెత్తుతుంటే మందం బూటు వేరుకు తట్టుకొని పడింది. మోకాలికి మోడు గుచ్చుకొని చీము పట్టింది. కాలు నిలిస్తే పిల్లను మళ్ళీ పరుగుకు పంపనని అవ్వ గంగమ్మకు మొక్కుకుంది.

అప్పటి నుంచి, చూపు సరిగా ఆనని అవ్వ లేవగానే వసారాలో చెప్పులను కర్రతో తడుముతుంది. ఆ ఇంట్లో ఎవరి చెప్పులుంటే వాళ్ళు ఉన్నట్టే లెక్క. అందుకే చిట్టి చెప్పులు వదిలేసి, ఈ బూట్లతో దొంగచాటుగా తోటకు పోయేది. ఒకనాడు చెప్పులు కొళాయి దగ్గరే మరిచిపోయింది. గుర్తొచ్చి పరుగున తిరిగొస్తే, అవి వసారాలో వరసలోనే ఉన్నాయి. కొత్తల్లో పిక్కలు పట్టేసి కుంటుకుంటూ వచ్చినప్పుడు పెరట్లో వేన్నీళ్ళు కాగి ఉండేవి. అంతా అమ్మే పోతూ పోతూ చేసిందనుకుంది.

“పరుగు ఈపొద్దేనా?”

“ఊఁ. ముందొస్తే స్పోర్ట్స్ హాస్టల్లో సీటంట.”

“మళ్ళీ పడితే?”

“వీటిలో కాలికి నేల తెలుస్తాది నాయనా. వేరు తగిలిందంటే కాలే సర్దుకుంటాది.”

“అవ్వ మొక్కు?”

చిట్టి నడింట్లోకి తొంగి చూసింది.

గంగులయ్య లేచాడు. బూట్లు రెండూ తీసుకొని బయట ఇసుకలోకి విసిరేశాడు.

“పో బయటికి.”

“నాయనా...”

“పొమ్మన్నానా?”

చిట్టి మెట్లు దిగింది. వెనకే వసారా తలుపు మూసుకుంది. గడియ పడింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. హాస్టలూ వద్దు, పరుగూ వద్దు, తలుపు తీస్తే చాలనుకుంది. తట్టబోయి ఆగింది. లోపల అవ్వ కర్ర చప్పుడు దగ్గరకొస్తోంది.

“చిట్టి ఏదిరా?”

“చెప్పులు ఈడనే ఉండాయి కదమ్మా, ఇంకా పడుకొనే ఉండాది.”