రాజుగారి తరఫు పెళ్లికొడుకు

పెళ్లి ప్రమాణంలో హ్యూ దొర పేరు తప్పు చెప్పాడు.

చెప్పాల్సింది ఇంగ్లండునేలే లయొనెల్ రాజుగారి పేరు. పెళ్లి కోసం రాజు సముద్రం దాటి వెళ్లడు. ఆయన తరఫున ఒక మనిషి జర్మనీ వెళ్లి, పెళ్లికూతురి చెయ్యి పట్టుకుని "లయొనెల్ అనే నేను" అనాలి. పెళ్లి మాటలకని వేసవంతా పెళ్లికూతురి కోటలో ఉన్న హ్యూకే ఆ పని పడింది. తీరా ఆ క్షణంలో కంగారుపడి "హ్యూ అనే నేను" అనేశాడు.

ఎవరూ పట్టించుకోలేదు. పాస్టరు నిద్రమత్తులో ఉన్నాడు. పెళ్లికూతురి తండ్రి డ్యూకుగారికి బ్రహ్మచెవుడు. అప్పటిదాకా తిండి మానేసి ఏడ్చిన పెళ్లికూతురు లుడోవిక ముసుగులోంచి ఒకసారి తలెత్తి, "ఒప్పుకుంటున్నాను" అంది. తండ్రి పరువు కోసం కన్నీళ్లు దిగమింగుకుంది కాబోలు, పాపం! ఆ త్యాగాన్ని హ్యూ బూడిదలో పోసిన పన్నీరు చేశాడు.

ఇప్పుడు ఓడ ఇంగ్లండు దారిలో ఉంది. దిగగానే ఆమెకు కిరీటం పెట్టేస్తారు. ఆ పెళ్లి చెల్లదని రేపెవరైనా లేవదీస్తే ఆమె పరువూ, పుట్టబోయే పిల్లల రాజ్యమూ గంగలో కలుస్తాయి. నోరు విప్పితే తన తల ఎగిరిపోతుంది.

"పెళ్లికూతురి కంటే మీకే దిగులెక్కువగా ఉందే దొరా! కొంపదీసి అత్తారింటికి వెళ్లేది మీరా ఏంటి?" అన్నాడు కెప్టెన్.

హ్యూకు నవ్వు రాలేదు.

లుడోవిక రోజూ డెక్కు మీదికొచ్చి అతని పక్కన కూర్చునేది.

"మీ ఆవిడ పోయాక ఇంటి తాళాలు ఎవరి దగ్గరుంటున్నాయి దొరగారూ?"

"ముసలి వంటామె దగ్గరండి. అన్నిట్లోనూ ఉప్పు కుమ్మరిస్తుంది."

ఆమె పకపకా నవ్వేది. ఇంత మంచి పిల్ల గొంతు కోశానే అని అతను కుమిలిపోయేవాడు. ఆమె గదిలో రాజుగారి బొమ్మ గోడవైపు తిరిగి ఉండేది. సిగ్గు కాబోలు అనుకున్నాడు.

ఇంగ్లండు తెల్లకొండలు కనబడగానే ఆమె వెక్కి వెక్కి ఏడ్చింది. ఇక అతను తట్టుకోలేకపోయాడు. మోకాళ్ల మీద పడ్డాడు.

"రాకుమారీ, నేను పాపిష్టివాణ్ణి. ఆ రోజు చర్చిలో రాజుగారి పేరుకు బదులు నా పేరు చెప్పాను. న్యాయంగా చూస్తే తమరు రాణి కారు... నా భార్య. దిగగానే రాజుగారికి అంతా చెప్పేస్తాను. శిక్ష నాకే పడనివ్వండి."

ఆమె కళ్లు తుడుచుకుంది.

"ఈ మాట ఎప్పటికీ చెప్పరేమోననే ఏడుస్తున్నాను దొరగారూ. 'ఒప్పుకోను' అని అరుద్దామని చర్చికి వచ్చినదాన్ని, మీ పేరు వినబట్టే కదా 'ఒప్పుకుంటున్నాను' అన్నది!"