మూడో కంటికి తెలియని మాత్ర

"తలనొప్పన్నావుగా. ఇంట్లో ఉండిపోరాదూ?" అన్నాడు లిఫ్టు మెకానిక్, తల దువ్వుకుంటూ.

"అది నిన్నటి నొప్పి. ఇవాళ శుభ్రంగా ఉన్నాను," అంది టీచరమ్మ.

కంపెనీ వార్షికోత్సవానికి ఆలుమగలిద్దరూ రావాలని కార్డు మీద అచ్చేశారు మరి. ఏడాదిగా బడి, ఇల్లు, ఆసుపత్రి తప్ప ఆవిడకి వేరే లోకం లేదు. నలుగురి మొహాలూ చూస్తే ప్రాణం లేచొస్తుందనుకుంది. మొగుడు ఇంకో రెండుసార్లు నసిగినా పట్టించుకోలేదు. బయల్దేరే ముందు అలవాటుగా గోడల మీది చీటీలన్నీ ఓసారి చదివింది. గ్యాస్. తాళం. కళ్లజోడు. మాత్ర.

ఆపరేషనయ్యి ఆ మాత్రలు మొదలైన నాటి నుంచి ఇంట్లో మతిమరుపు కాపురం పెట్టింది. పాలు మాడిపోయాయి. తాళంచెవులు ఫ్రిజ్‌లో దొరికాయి. "హార్మోన్ మాత్రలు కదా, కొందరికి ఇలాగే ఉంటుంది. అలాగని ఐదేళ్లూ మానడానికి వీల్లేదు. చీటీలు రాసి పెట్టుకోండి," అంది డాక్టరమ్మ. రాతకోతలు టీచరమ్మకి కొత్తా? ఒక్క ఆదివారంలో ఇల్లంతా అతికించేసింది.

రొమ్ము కేన్సర్ అన్న మాట మాత్రం గడప దాటకూడదని ఇద్దరూ ఒట్టేసుకున్నారు. మూడో కంటికి తెలియకూడదు. టీచరమ్మ ఒట్టంటే ఒట్టే. "మిమ్మల్ని ఆసుపత్రిలో చూశామని ఎవరో అన్నారు, ఏమైందే అక్కా?" అని సొంత చెల్లెలు అడిగితే, పంటినొప్పి అని బొంకింది. అబద్ధమని చెల్లెలు ఇట్టే పసిగట్టింది. "నాకు కూడా చెప్పకూడనంత పరాయిదాన్నయ్యానన్నమాట," అని ఫోన్ పెట్టేసింది. నాలుగు నెలలైంది, మళ్లీ మాటల్లేవు. ఒక్కగానొక్క తోడబుట్టింది. ఆ బాధని కూడా టీచరమ్మ కడుపులోనే దాచుకుంది.

హాల్లో అడుగుపెట్టారో లేదో, సూపర్‌వైజరు భార్య పరుగున వచ్చి కావలించుకుంది.

"వదినా! ఎలా ఉన్నారు? మాకంతా తెలుసులెండి. అన్నయ్య మా ఆయనకి అన్నీ చెప్పాడు."

"అన్నీ అంటే?"

"అదే..." ఆవిడ చూపు టీచరమ్మ మెడ కిందికి జారి, చటుక్కున పైకొచ్చింది. "మాత్రలతో మతిమరుపు కూడానటగా? ఇంటినిండా చీటీలటగా? ఇంతకీ నేనెవరో గుర్తున్నానా?" అని నవ్వేసి, నవ్వకూడదని తట్టి నాలిక్కరుచుకుంది.

టీచరమ్మ పక్కకి తిరిగితే మొగుడు లేడు, ఎప్పుడో జారుకున్నాడు. గ్లాసులు పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్లంతా తనవైపే జాలిగా చూస్తున్నారు. అందరి చూపులూ అక్కడే, మెడ కిందే. తెలియకుండానే చేతిసంచి గుండెలకి అడ్డం పెట్టుకుంది. పెట్టుకున్నందుకు తన మీద తనకే ఒళ్లు మండింది.

"మీ మీద బెంగతో అన్నయ్య కూడా సగమైపోయాడు వదినా," సూపర్‌వైజరు భార్య ఆగలేదు. "మొన్న నాలుగో అంతస్తులో లిఫ్టు తలుపు తెరిచి, అడ్డంగా బోర్డు పెట్టడమే మర్చిపోయాడట. ఎవరైనా అడుగేసుంటే? ఇంకొకరైతే ఉద్యోగం ఊడేది. మీ సంగతి తెలిసి మా ఆయన ఊరుకున్నారు."

ఇంతలో మైకులో మేనేజరు గొంతు. మన కుటుంబంలో ఒక ధైర్యశాలి ఉన్నారట. రొమ్ము కేన్సర్‌ని ఎదిరించారట. మతిమరుపుతో రోజూ యుద్ధం చేస్తున్నారట. వేదిక మీదికి రావాలట. హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఎవరో చేతిలో పూలగుత్తి పెట్టారు. టీచరమ్మకి మాత్రం, బతికుండగానే తనకి సంతాపసభ పెట్టినట్టుంది.

"రెండు మాటలు మాట్లాడండమ్మా," అని మైకు అందించారు.

మొగుడి కోసం వెతికింది. మూడో వరసలో ఉన్నాడు మహానుభావుడు. సొంత బూట్లు ఇప్పుడే మొదటిసారి చూస్తున్నవాడిలా తల వంచుకుని ఉన్నాడు. ఒక్క మాట అంటే చాలు, ఈయనగారి పరువు బజారున పడుతుంది. మాట నాలుక చివరిదాకా వచ్చింది. ముందు వరసలో సూపర్‌వైజరు కనిపించాడు. మింగేసింది.

"మీ అభిమానానికి కృతజ్ఞురాలిని," అని దిగిపోయింది. ఆ గొంతులో వణుకు విని ఇద్దరు ఆడవాళ్లు కళ్లొత్తుకున్నారు.

బయట స్కూటర్ల దగ్గర మొగుణ్ణి పట్టుకుంది.

"ఎంతమందికి చెప్పారు?"

"సూపర్‌వైజరు ఒక్కడికే. వాడు పెళ్లానికి చెబుతాడని, ఆవిడ ఊరంతా దండోరా వేస్తుందని నేనేమైనా కలగన్నానా?"

"నమ్మించి గొంతు కోశారు!" టీచరమ్మకి ఏడుపూ కోపమూ కలిసి తన్నుకొచ్చాయి. "ఈ ఒట్టు కోసం తోడబుట్టినదాన్ని వదులుకున్నాను. మీరేమో నన్ను నలుగురిలో బొమ్మలా నిలబెట్టారు. వాళ్లు ఎక్కడ చూస్తున్నారో చూశారా? ఆ చూపులకి చచ్చిపోయాననుకోండి."

"నన్నేం చెయ్యమంటావే? తప్పు మీద తప్పు చేస్తున్నావు, సంగతేంటో చెబుతావా, ఇంటికి పోతావా అని నిలదీశాడు. ఏదో ఒకటి చెప్పాలిగా."

"ఆ చెప్పేదేదో ఉన్నదున్నట్టు చెప్పలేకపోయారా?"

మెకానిక్ అటూ ఇటూ చూసి, దగ్గర్లో ఎవరూ లేరని రూఢి చేసుకుని, గొంతు తగ్గించి అన్నాడు: "మగాణ్ణి, రొమ్ము కోసి తీసేసింది నాకేననీ, ఆ మాత్రలు మింగి అన్నీ మర్చిపోతున్నది నేనేననీ చెబితే వాళ్లు నవ్వరూ?"